బిల్డ్ పచ్చగానే ఉంది, ఇండెక్స్ ఖాళీగా ఉంది: పాత పత్రికల ప్రాజెక్టు డైరీ

జనవరి 4, 2025, శనివారం

తెరమీద బిల్డ్ (రాసిన కోడుని నడిచే ప్రోగ్రాంగా కట్టడం) సక్సెస్ అని పచ్చక్షరాలు. ఇండెక్స్, అంటే పదాలు వెతికే పట్టిక, తెరిచి చూస్తే పత్రాలు సున్నా. ఎర్రర్ ఒక్కటి కూడా లేదు.

ప్రాజెక్టు ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. దివిసీమలో మా ఊరి గ్రంథాలయంలో పాత వారపత్రికలు, మాసపత్రికలు, చుట్టుపక్కల అచ్చయిన చిన్న సంచికలు స్కాన్ చేసి పెట్టారు. మొత్తం 318 పీడీఎఫ్‌లు. పదం కొడితే ఏ సంచికలో ఏ పేజీలో ఉందో చూపించాలి, అంతే పని. వాటిలో చాలావరకు ఉత్త బొమ్మలు. కొన్ని కంప్యూటర్లో కంపోజ్ చేసినవే గానీ, యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను ఫాంట్లతో కట్టినవి. చూడ్డానికి చక్కటి తెలుగు, అందులోంచి టెక్స్ట్ లాగితే మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం. అందుకని ఈ రెండు రకాల పేజీలనూ బొమ్మలుగా మార్చి టెసరాక్ట్ అనే ఓసీఆర్ (బొమ్మలోంచి అక్షరాలు చదివే) ప్రోగ్రాంతో చదివిస్తున్నాను.

భాష జావా 17. కావలసిన లైబ్రరీలు (ముందే రాసిపెట్టిన కోడు) తెచ్చి బిల్డ్ చేయడానికి మేవెన్. ఫైలు తెరిచి లోపల ఏముందో చెప్పడానికి అపాచీ టీకా. పేజీని బొమ్మ చేయడానికి పీడీఎఫ్‌బాక్స్. ఇండెక్స్‌కి లూసీన్. ఓసీఆర్‌లో వచ్చిన టెక్స్టుని శుభ్రం చేయడానికి 2017 చివర్లో నేను రాసుకున్న చిన్న లైబ్రరీ, పేరు అక్షరశుద్ధి. (టీకా అన్న మాట చూసినప్పుడల్లా నాకు పాత పుస్తకాల్లోని టీకా తాత్పర్యాలు గుర్తొస్తాయి. మూసి ఉన్నదాన్ని విప్పి చెప్పడమే దీని పని కూడా.)

పోయిన వారం పీడీఎఫ్‌బాక్స్‌ని 2.0 నుంచి 3.0కి మార్చాను. మూడో శ్రేణిలో పీడీడాక్యుమెంట్ క్లాసులో ఉండే లోడ్ మెథడ్ (పేరుతో పిలిచే కోడు ముక్క) తీసేశారు, దాని బదులు లోడర్ అనే క్లాసులో లోడ్‌పీడీఎఫ్ అని పెట్టారు. నా కోడులో ఆ పిలుపు ఉన్నది మూడు చోట్ల, మూడూ మార్చాను, కంపైల్ అయింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మధ్యాహ్నం దాకా పట్టింది అసలు సంగతి తేలడానికి. ఒక్కో పీడీఎఫ్‌నీ ఒక్కో పనిగా థ్రెడ్ పూల్‌కి (పనులు పక్కపక్కనే నడిపే ఏర్పాటు) సబ్మిట్ చేస్తున్నాను. లోపల తప్పులు పట్టుకోవడానికి క్యాచ్ ఎక్సెప్షన్ అని ఉంది. కానీ అక్కడ పుట్టింది ఎక్సెప్షన్ కాదు, ఎర్రర్. జావాలో ఈ రెండూ వేరు వేరు కొమ్మలు, ఎక్సెప్షన్‌ని పట్టే వల ఎర్రర్‌ని పట్టదు. సబ్మిట్ తిరిగిచ్చే ఫ్యూచర్ (పని ఫలితం దాచి ఉంచే పెట్టె) మీద నేనెక్కడా గెట్ పిలవలేదు కాబట్టి ఆ ఎర్రర్ ఫ్యూచర్ లోపలే ఉండిపోయింది. గెట్ పెట్టి మళ్లీ నడిపాను. 318 ఫైళ్లకీ ఒకటే మాట: నోసచ్‌మెథడ్‌ఎర్రర్, పీడీడాక్యుమెంట్ లోడ్. అంటే ఆ మెథడ్ లేదని.

నా కోడులో ఆ పిలుపు లేదు. స్టాక్ ట్రేస్‌లో (ఏ పిలుపు ఎక్కణ్నుంచి వచ్చిందో చూపే జాబితా) కిందికి దిగితే అది టీకా వాళ్ల పీడీఎఫ్‌పార్సర్‌లో ఉంది.

ముందు ఫ్యూచర్ల సంగతి సరిచేసి కమిట్ చేశాను (కోడు చరిత్రలో భద్రపరిచాను). ఏ ఫైలు పోయినా పేరుతో సహా ఎర్రగా రావాలి.

జనవరి 5, ఆదివారం

నేను వాడుతున్నది టీకా 2.9.2. అది పీడీఎఫ్‌బాక్స్ 2.0 శ్రేణితో కంపైల్ అయిన జార్ (జావా లైబ్రరీని కట్టిన ఫైలు). అందులో "పీడీడాక్యుమెంట్‌లో లోడ్ అనే మెథడ్‌ని పిలువు" అని బైట్‌కోడులో (కంపైల్ అయ్యాక వచ్చే రూపం) ముందే రాసి ఉంది. నేను బిల్డ్ చేసినప్పుడు కంపైలర్ చూసేది నా సోర్సుని మాత్రమే. పక్క జార్ లోపలి పిలుపులకి ఇప్పటికీ గమ్యం ఉందా లేదా అన్నది అది చూడదు. జావా ప్రోగ్రాంని నడిపే జేవీఎం ఆ పిలుపు దగ్గరికి వచ్చి వెతికినప్పుడే తెలుస్తుంది. పచ్చ బిల్డ్ చెప్పే మాట ఎంతవరకో ఇక్కడ కళ్లారా చూశాను.

ఏ లైబ్రరీ కింద ఏది వస్తోందో చెట్టులా చూపే డిపెండెన్సీ ట్రీ కమాండుని, మరింత వివరంగా చూపే వెర్బోస్‌తో నడిపాను. టీకా పీడీఎఫ్ మాడ్యూల్ కింద పీడీఎఫ్‌బాక్స్ 2.0 కనబడింది, పక్కనే "ఆమిటెడ్ ఫర్ కాన్‌ఫ్లిక్ట్ విత్ 3.0.3". అంటే టీకా అడిగినదాన్ని మేవెన్ పక్కనపెట్టి నేను అడిగింది పెట్టింది. ఎందుకంటే మేవెన్ లెక్క దగ్గరితనం. నా పామ్ ఫైలు (కావలసిన లైబ్రరీలు రాసే మేవెన్ ఫైలు) నుంచి ఎన్ని మెట్ల కింద ఉందో చూస్తుంది, తక్కువ మెట్లు ఉన్నదాన్ని తీసుకుంటుంది. పీడీఎఫ్‌బాక్స్‌ని నేను నేరుగా రాశాను, ఒక మెట్టు. టీకా ద్వారా వచ్చేది మూడు నాలుగు మెట్ల కింద. పెద్ద వెర్షనా చిన్న వెర్షనా అన్నది ఈ లెక్కలో లేనే లేదు.

ఆఫీసులో నా పక్క సీటు తమ్ముడు ఈ ప్రాజెక్టులో సాయం చేస్తానని చేరాడు. సాయంత్రం కాల్‌లో అడిగాడు: "అక్కా, రెండు వెర్షన్లూ పెట్టేసుకోవచ్చు కదా? నోడ్‌లో అలాగే నడుస్తుంది."

జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ప్రతి ప్యాకేజీకీ తన సొంత నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరు ఉండగలదు. ఒకదాని లోపల రెండో వెర్షన్ ఉంటే పక్కదానికి దాంతో పేచీ లేదు. మామూలు జావా ప్రోగ్రాంలో క్లాస్‌పాత్ (క్లాసుల కోసం వెతికే జార్ల జాబితా) ఒక్కటే. ఆ పేరుతో మొదట కనబడ్డ క్లాసు లోడ్ అవుతుంది, ఇక ఆ క్లాస్‌లోడర్ బతికున్నంతకాలం అదే. రెండూ కావాలంటే ఒకదాని ప్యాకేజీ పేర్లు మార్చి జార్ తిరగగట్టాలి. మేవెన్ షేడ్ ప్లగిన్‌లో రీలొకేషన్ అనేది అందుకే ఉంది. పని జరుగుతుంది గానీ, ఆ తర్వాత ఆ నకలుకి సెక్యూరిటీ ఫిక్స్ వచ్చినా మామూలు చెట్టులో అది కనబడదు. మరీ దారి లేనప్పుడు తప్ప నేను వాడను.

మిగిలిన దారులు రెండే. పీడీఎఫ్‌బాక్స్‌ని 2.0కి దించడం, లేదా టీకాని 3.0.0కి ఎక్కించడం. టీకా 3 పీడీఎఫ్‌బాక్స్ 3 మీదే కట్టినది. దానికి కనీసం జావా 11 కావాలి, నాకు 17 ఉంది. ఎక్కించాను. టీకా మాడ్యూళ్లన్నీ ఒకే వెర్షన్‌లో ఉండేలా వాళ్ల బామ్‌ని, పామ్‌లో వెర్షన్లు నిర్ణయించే డిపెండెన్సీ మేనేజ్‌మెంట్ భాగంలోకి ఇంపోర్ట్ చేశాను. బామ్ అంటే ఫలానా ఫలానా జార్లు ఫలానా వెర్షన్లలో కలిసి పనిచేస్తాయని ఆ ప్రాజెక్టు వాళ్లే రాసిచ్చిన పట్టిక.

రాత్రి తొమ్మిదికి 318కి 318 లోపలికి వెళ్లాయి. టెసరాక్ట్ చదవడానికే దాదాపు మూడు గంటలు.

జనవరి 11, శనివారం

ఈ రోజు నేర్చుకున్నది చాలా ఉంది.

తమ్ముడు పొద్దున ఒక చిన్న మార్పు పంపాడు. పామ్ ఫైలులో డిపెండెన్సీలు ఎలా పడితే అలా ఉన్నాయని, వాటిని ఇంగ్లీషు అక్షర క్రమంలో పెట్టాడు. ఒక్క వెర్షన్ నంబరు మారలేదు, ఒక్క లైబ్రరీ కొత్తగా రాలేదు. వరస మారింది, అంతే. మంచి పనే అని అసలు కోడులో కలిపేశాను. నడిపితే ప్రతి ఫైలుకీ ఎర్రర్. ఫ్యూచర్లు సరిచేసి ఉంచడం వల్ల మొదటి నిమిషంలోనే కనబడింది.

ఈసారి వచ్చింది నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్. ఫైళ్లు చదవడం రాయడంలో సాయపడే కామన్స్ ఐఓ లైబ్రరీలోని అన్‌సింక్రనైజ్డ్‌బైట్‌అరేఇన్‌పుట్‌స్ట్రీమ్ అనే క్లాసు దొరకలేదట.

చెట్టు మళ్లీ తీశాను. అక్షరశుద్ధి నా పామ్‌లో ఒక మెట్టు, దాని కింద కామన్స్ ఐఓ 2.6, అంటే రెండో మెట్టు. టీకా కోర్ ఒక మెట్టు, దాని కింద కొత్త కామన్స్ ఐఓ, అదీ రెండో మెట్టే. దగ్గరితనం సమానం. అలాంటప్పుడు మేవెన్ పామ్‌లో ఎవరు ముందు రాసి ఉంటే వాళ్ల మాట తీసుకుంటుంది. నిన్నటిదాకా టీకా పైన ఉండేది. అక్షరశుద్ధి గ్రూపు పేరు (లైబ్రరీ ఎవరిదో చెప్పే మొదటి భాగం) ఇన్ అని మొదలవుతుంది, టీకాది ఆర్గ్ అని. వరస సర్దగానే నా 2017 నాటి లైబ్రరీ పైకెక్కింది, దాంతోపాటు 2.6 కూడా.

ఆ క్లాసు కామన్స్ ఐఓలోకి వచ్చిందే 2.7లో. 2.6లో లేదు మరి, దొరక్కపోవడంలో వింత లేదు.

ఇక్కడ తొందరపడ్డాను. క్లాసు ఏ వెర్షన్ నుంచి ఉందో చూసి, దానికంటే కాస్త కొత్తది చాలనుకుని 2.11.0 పెట్టాను. క్లాసు దొరికింది. వెంటనే ఇంకో ఎర్రర్, ఈసారి నోసచ్‌మెథడ్‌ఎర్రర్: అదే క్లాసులో బిల్డర్ అనే మెథడ్ లేదు. కామన్స్ ఐఓలో ఆ బిల్డర్లు 2.12.0 నుంచి వచ్చాయి. ఒక ఎర్రర్ చెప్పింది చూసి దానికి సరిపడా వెర్షన్ వెతుక్కుంటూ పోతే ఇలా మెట్టు మెట్టుకీ ఆగాల్సి వస్తుంది. ఎర్రర్‌లో కనబడేది మొదట తగిలిన లోటు మాత్రమే. ఆ లైబ్రరీకి నిజంగా ఏం కావాలో దాని పామ్‌లో రాసి ఉంటుంది. ముందు అది చదివి ఉండాల్సింది.

చివరికి డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో కామన్స్ ఐఓ 2.18.0 అని రాశాను. ఇక్కడ రాస్తే ఎన్నో మెట్టున ఉన్నా, వరస ఏదైనా, ఆ వెర్షనే వస్తుంది. పక్కన వ్యాఖ్యగా ఇలా రాశాను: "టీకా 3.0.0కి 2.12 లేదా ఆపైన కావాలి. అక్షరశుద్ధి 2.6 అడుగుతోంది, అది పోయాక ఈ లైను తీసేయొచ్చు. 11-1-2025."

ఇలా కారణం రాయడం ఈ రోజు నుంచి నియమంగా పెట్టుకున్నాను. ఎవరో ఎప్పుడో బిగించిన వెర్షన్, కారణం తెలియదు, ముట్టుకుంటే ఏమవుతుందో తెలియదు, అలా ఏళ్ల తరబడి పడి ఉన్న లైన్లు ఆఫీసుల్లో ఎన్ని చూశానో. 2021 డిసెంబరులో జావాలో చాలామంది వాడే లాగ్4జె లైబ్రరీలో భద్రతా లోపం బయటపడ్డప్పుడు వారం పది రోజుల్లోనే 2.15, 2.16, 2.17 అని ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఆ రాత్రుళ్లు మేం ఎక్కువసేపు గడిపింది కొత్త వెర్షన్ పెట్టడంలో కాదు. పాతదాన్ని ఎవరు, ఎందుకు బిగించారో కనుక్కోవడంలో.

తమ్ముడు ఫోన్ చేసి "సారీ అక్కా, వరసే కదా అనుకున్నా" అన్నాడు. అతను చేసింది తప్పు కాదని గట్టిగా చెప్పాను. వరస మారిస్తే విరిగిపోయే బిల్డ్ అంతకుముందే విరిగి ఉన్నట్టు. వరసని వెనక్కి మార్చలేదు, అలాగే ఉంచాను.

జనవరి 16, గురువారం, ఊళ్లో

పండక్కి వచ్చాను. కనుమ అయిపోయింది, ఇంట్లో ఇంకా చక్రాల డబ్బా ఖాళీ కాలేదు. లైబ్రేరియన్ బాబాయ్ గారింటికి లాప్‌టాప్ తీసుకెళ్లాను.

ఆయనకి కావలసింది ఒక్కటే మాట. "ఉప్పెన అని కొట్టమ్మా."

1977 నవంబరు 19. ఇక్కడ ఆ తేదీ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాతి నెలల్లో వచ్చిన సంచికల్లో పోయినవాళ్ల పేర్లు, సాయం అందినవాళ్ల పేర్లు, ఏ ఊళ్లో ఏం మిగిలింది, అన్నీ చిన్నచిన్న అక్షరాల్లో ఉన్నాయట. ఆయన వాటిని ఒకచోట చేర్చాలని చాలా ఏళ్లుగా అనుకుంటున్నారు. ఉప్పెన, ఉప్పెనలో, ఉప్పెనకి అని విడివిడిగా కొట్టి చూపించాను. పేజీలు వచ్చాయి. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఒక్కొక్కటీ చదివారు. తర్వాత అడిగారు, "ఇందులో రాలేదంటే పుస్తకంలో లేనట్టేనా?"

ఓసీఆర్ తప్పు చదవొచ్చు, అది వేరని చెప్పాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పోయిన శనివారం నేను ఆ ఎర్రర్ని చూసి ఉండకపోతే, 318లో ఓ ముప్పై నలభై ఫైళ్లకే అది తగిలి ఉంటే, ఆ పేర్లు లేవనే ఈయన నమ్మేవారు.

జనవరి 18, శనివారం

తిరిగి హైదరాబాద్. ఈ రోజంతా కాపలా పెట్టే పని.

మేవెన్ ఎన్‌ఫోర్సర్ ప్లగిన్‌లో దీనికోసమే నియమాలున్నాయి. మొదట డిపెండెన్సీ కన్వర్జెన్స్ పెట్టాను. ఒకే జార్‌ని రెండు దారులు రెండు వెర్షన్లలో అడిగితే చాలు, బిల్డ్ ఆపేస్తుంది. తెర నిండిపోయింది. ఒకటి 1.26.0 అడుగుతుంది, ఇంకొకటి 1.26.1 అంటుంది, అలాంటివే ఎక్కువ. ప్రతిదాన్నీ బిగిస్తూ పోతే నా పామ్ పక్కవాళ్ల పామ్‌ల నకలైపోతుంది. పెద్ద టీములో, దానికంటూ ఒక మనిషి ఉంటే సరే. వారాంతాల్లో ఇద్దరం చేసే పనికి అది మోయలేని బరువు.

దాని బదులు రిక్వయర్ అప్పర్ బౌండ్ డెప్స్ అనే నియమం పెట్టాను. చెట్టులో ఎవరైనా అడిగిన వెర్షన్ కంటే తక్కువది ఎంపికైతేనే ఇది ఆపుతుంది. వరస మార్పుతో వచ్చిన 2.6 సంగతిని ఇది పట్టేస్తుందా అని, బిగించిన లైను తీసేసి చూశాను. పట్టింది, ఏ దారిలో ఎవరు ఏం అడిగారో రెండు దారులూ రాసి మరీ చూపించింది.

అయితే జనవరి 4 నాటి గొడవని ఇది పట్టలేదు. అక్కడ ఎంపికైంది పెద్ద వెర్షనే: టీకా పీడీఎఫ్‌బాక్స్ 2.0 అడిగితే 3.0 ఇచ్చాం. నియమం దృష్టిలో అంతా సవ్యం. పెద్ద నంబరు కాబట్టి పాతవాళ్లకీ సరిపోతుందని ఏ టూలైనా అనుకోవడమే, మెథడ్ తీసేసిన సంగతి దానికి తెలిసే దారి లేదు. అందుకని నమూనాగా మూడు పీడీఎఫ్‌లు తీసుకున్నాను: ఉత్త బొమ్మ ఒకటి, అను ఫాంట్లది ఒకటి, యూనికోడ్‌ది ఒకటి. బిల్డ్‌లోని వెరిఫై దశలో ఈ మూడూ టీకా నుంచి లూసీన్ దాకా నిజంగా నడిచి, వెతికితే దొరకాల్సిన పదం దొరకాలి. నలభై సెకన్లు పడుతుంది. పాత కమిట్ మీద నడిపితే మొదటి ఫైలుకే ఎర్రగా పడింది.

వెర్షన్ల గురించి ఇంకొకటి చూశాను, రాసుకోవాలి. కామన్స్ ఐఓకి కొత్తవి ఏమున్నాయో చూద్దామని వెర్షన్స్ ప్లగిన్ నడిపితే, 20030203.000550కి మారమంది. ఒక్క క్షణం అర్థం కాలేదు. అది 2003 ఫిబ్రవరి 3 నాటి తేదీ. చాలా ఏళ్ల కిందట ఎవరో తేదీనే వెర్షన్‌గా పెట్టి మేవెన్ సెంట్రల్‌లో (జావా లైబ్రరీలు దొరికే ఉమ్మడి భాండారం) ఎక్కించారు, అక్కడ ఒకసారి ఎక్కింది పోదు. ఇరవై మిలియన్ల పైచిలుకు సంఖ్య రెండు కంటే పెద్దదే కదా, అందుకని టూలు దాన్నే సరికొత్తది అంటుంది. పామ్‌లో "2.11 నుంచి ఎంతైనా" అని రేంజ్ రాసి ఉంటే ఇరవై రెండేళ్ల కిందటి జార్ లోపలికొచ్చి కూర్చుంటుంది. రేంజులు వాడొద్దని ఎప్పటినుంచో అంటున్నాను, ఇప్పుడు చూపించడానికి ఒక ఉదాహరణ దొరికింది.

జనవరి 19, ఆదివారం

మేవెన్ ప్లగిన్లు చేసే మోజోహాస్ వాళ్ల అదనపు ఎన్‌ఫోర్సర్ నియమాల్లో బ్యాన్ డూప్లికేట్ క్లాసెస్ అని ఒకటుంది. ఒకే పేరున్న క్లాసు రెండు జార్లలో ఉంటే ఆపుతుంది. నిన్నటి ఊపులో అదీ పెట్టాను. ఇలాంటివి మా దగ్గర ఉండవనే అనుకున్నాను. పెద్ద జాబితా వచ్చింది, మొత్తం లూసీన్‌వే.

లూసీన్ 9.0లో అనలైజర్ల (టెక్స్టుని వెతకదగ్గ పదాలుగా మార్చే కోడు) జార్ పేరు మారింది. అంతకుముందు లూసీన్-అనలైజర్స్-కామన్, ఇప్పుడు లూసీన్-అనాలిసిస్-కామన్. మేవెన్‌కి పేరు మారితే వేరే లైబ్రరీయే. రెండు వేర్వేరు పేర్ల మధ్య వెర్షన్ గొడవ అన్న ప్రశ్నే పుట్టదు, ఏదీ ఆమిట్ కాదు, రెండూ క్లాస్‌పాత్‌లోకి వస్తాయి. నేను నేరుగా పెట్టుకున్నది 9.12.0. (పదో శ్రేణికి జావా 21 కావాలి, గ్రంథాలయం కంప్యూటర్లో 17 ఉంది, అందుకని తొమ్మిదిలోనే ఉన్నాను. తెలుగు అనలైజర్ ఇందులో ఉంది, నాకది చాలు.) పాత పేరుతో ఉన్న 7వ శ్రేణి జార్ ఎక్కణ్నుంచి వచ్చిందో చూస్తే, మళ్లీ అక్షరశుద్ధి. లూసీన్ కోర్ మాత్రం రెండిట్లోనూ ఒకే పేరు కాబట్టి 9.12.0కే కుదిరింది. అంటే 2017 నాటి అనలైజర్లు 2024 నాటి కోర్ మీద కూర్చున్నాయి.

మరి ఏది లోడ్ అవుతోంది? జావాని వెర్బోస్ క్లాస్‌తో నడిపి, వచ్చిన లైన్లలో ఇండిక్‌నార్మలైజేషన్‌ఫిల్టర్ కోసం వెతికాను. తెలుగుతో సహా భారతీయ లిపుల్లో ఒకే అక్షరాన్ని రెండు విధాలుగా ఎన్‌కోడ్ చేసినచోట ఒకటి చేసే ఫిల్టర్ అది. ఆ లైను చివర జార్ పేరు ఉంటుంది. పాత జార్.

ఎందుకో ఒక నిమిషం ఆలోచిస్తే తెలిసింది. క్లాస్‌పాత్ వరస కూడా పామ్ వరసనే అనుసరిస్తుంది. పదకొండో తేదీన సర్దినప్పుడు అక్షరశుద్ధి పైకెళ్లింది, దాని తోక పట్టుకుని పాత అనలైజర్లూ ముందుకొచ్చాయి. కామన్స్ ఐఓ గొడవ చేసింది కాబట్టి దాన్ని చూశాను. ఇది ఏ చప్పుడూ చేయలేదు. ఎనిమిది రోజులుగా, బాబాయ్ గారికి చూపించిన రోజుతో సహా, ఇండెక్స్‌ని సగం పాత కోడుతో కడుతున్నాను.

పాత జార్‌ని ఎక్స్‌క్లూజన్‌తో (ఫలానా జార్ వద్దని పామ్‌లో రాయడం) తీసేసి, మొత్తం మళ్లీ ఇండెక్స్ చేశాను. రెండు ఇండెక్సుల్లోని పదాల జాబితాలు బయటికి తీసి పోల్చి చూశాను. తేడా రాలేదు. ఊపిరి పీల్చుకున్నాను గానీ, ఇది ఆ ఫిల్టర్ మారకపోవడం వల్ల దక్కిన ఫలితం, నా జాగ్రత్త వల్ల కాదు. నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వచ్చినప్పుడు కనీసం చూడమని అడుగుతుంది. రెండు వెర్షన్లు కలిసి సర్దుకుని నడిచేదే నాకు అసలైన భయం.

జనవరి 25, శనివారం

తమ్ముడు మేవెన్ బదులు గ్రేడిల్ అనే టూలుకి మారదామంటున్నాడు. వాదించుకోవడం కంటే చేసి చూడడం మేలని ఒక బ్రాంచిలో (అసలు కోడుకి పక్క నకలు) మార్చాం.

గ్రేడిల్ పద్ధతి వేరు. మెట్లూ వరసా చూడదు, అడిగినవాటిలో పెద్ద వెర్షన్ తీసుకుంటుంది. కాబట్టి కామన్స్ ఐఓ గొడవ ఇక్కడ వచ్చేదే కాదు. పీడీఎఫ్‌బాక్స్ గొడవ ఇక్కడా అచ్చంగా అలాగే వచ్చేది. పాత కమిట్ మీద ప్రయత్నించి నిర్ధారించుకున్నాం.

నాకు బాగా నచ్చినవి చెబుతాను. డిపెండెన్సీ ఇన్‌సైట్ కమాండు ఒక్క జార్ పేరు ఇస్తే అది ఎందుకు ఎంపికైందో కారణంతో సహా చెబుతుంది. వెర్షన్ బిగించేటప్పుడు బికాజ్ అని కారణం రాసే చోటు భాషలోనే ఉంది, ఆ కారణం ఇన్‌సైట్‌లో కనబడుతుంది కూడా. నేను వ్యాఖ్యల్లో రాసుకుంటున్నదానికి ఇక్కడ సొంత ఇల్లుంది. లూసీన్ లాంటి పేరు మార్పుకి "ఈ మాడ్యూల్ స్థానంలో ఆ మాడ్యూల్" అని రీప్లేస్డ్‌బై రాయొచ్చు. ఎంపికైన వెర్షన్లన్నీ రాసి ఉంచే లాక్‌ఫైలు ఉంది. మేవెన్‌లో లాక్‌ఫైలు లేని లోటు నాకు ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది.

ఆఫీసు ప్రాజెక్టు చెట్టులో చూసింది తమ్ముడు అడిగాడు: "అక్కా, గువావా కింద లిజనబుల్‌ఫ్యూచర్ 9999.0 అని ఉంది, ఎంప్టీ టు అవాయిడ్ కాన్‌ఫ్లిక్ట్ విత్ గువావా అట. ఇది నిజమైన వెర్షనేనా?"

నిజమైనదే. గువావా పెద్ద లైబ్రరీ. ఆండ్రాయిడ్ వైపు కొందరికి అందులోని లిజనబుల్‌ఫ్యూచర్ అనే ఒక్క ఇంటర్‌ఫేస్ చాలు. అందుకని దాన్నొక్కదాన్నే విడిగా 1.0 అని విడుదల చేశారు. మరి ఒకే యాప్‌లోకి అదీ వచ్చి, గువావా కూడా వస్తే? ఒకే క్లాసు రెండు జార్లలో. అందుకే 2018లో గువావా 27.0 నుంచి, అదే లిజనబుల్‌ఫ్యూచర్‌కి 9999.0 అనే ఖాళీ జార్ ఒకటి చేసి, దాని మీద గువావా ఆధారపడేలా పెట్టారు. పెద్దదాన్ని ఎంచుకునే టూలు 1.0ని వదిలి 9999.0ని తీసుకుంటుంది, అందులో ఏమీ లేదు కాబట్టి క్లాసు గువావా నుంచి ఒక్కచోటే వస్తుంది. టూలు ఎంచుకునే తీరు తెలిసినవాళ్లు దాన్నే పనిముట్టుగా వాడుకున్నారు. అంత పొడుగు పేరులో కారణం కూడా రాసేశారు, నాకు అది చాలా నచ్చింది.

ఇన్ని నచ్చినా ప్రస్తుతానికి మేవెన్‌లోనే ఉంటున్నాం. గ్రంథాలయంలో దీన్ని రేపు చూసుకునేది అవనిగడ్డ దగ్గర డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలు, వాళ్లకి మేవెన్ వచ్చు. ఎన్‌ఫోర్సర్, నమూనా పరీక్ష ఉన్నాక తక్షణం మారాల్సిన అవసరం కనబడలేదు. బ్రాంచి అలాగే ఉంచాం.

ఫిబ్రవరి 1, శనివారం

మూడు గొడవల్లో రెండిటికి మూలం అక్షరశుద్ధి. ఎక్స్‌క్లూజన్లతో దాని నోరు మూస్తూ కూర్చోవడం కంటే దాన్నే బాగుచేయాలని కూర్చున్నాను.

కామన్స్ ఐఓని దేనికి వాడానో చూస్తే మొత్తం లైబ్రరీలో ఒకే ఒక్క పిలుపు: ఫైలుని స్ట్రింగ్‌గా చదవడం. జావా 11 నుంచి ఫైల్స్ క్లాసులోనే రీడ్‌స్ట్రింగ్ ఉంది. ఒక లైను మారింది. లూసీన్‌ని ఇండిక్ నార్మలైజర్ కోసం తెచ్చుకున్నాను, ఇప్పుడు ఆ పని ఇండెక్స్ వైపు ఎలాగూ జరుగుతోంది, తీసేశాను. అక్షరశుద్ధి 2.0 కింద ఇప్పుడు ఏ జార్ లేదు. చెట్టులో దానిది ఒక్క లైను.

పామ్‌లో కామన్స్ ఐఓ లైను దగ్గరికి వెళ్లాను. "అక్షరశుద్ధి పోయాక తీసేయొచ్చు" అని నేనే రాసిన కారణం అక్కడే ఉంది. తీసేశాను. లూసీన్ ఎక్స్‌క్లూజన్ తీసేశాను. ఎన్‌ఫోర్సర్ నియమాలు రెండూ దాటింది, నమూనా పరీక్ష దాటింది. డిపెండెన్సీల వరసని తిరగేసి ఇంకోసారి నడిపాను, అదీ దాటింది.

మధ్యాహ్నం కొత్త జార్ గ్రంథాలయం కంప్యూటర్లో ఆ పిల్లలతో పెట్టించాను. మొత్తం ఇండెక్స్ మళ్లీ కట్టింది, 318లో 318. సాయంత్రం బాబాయ్ గారు ఫోన్ చేశారు. 1978 నాటి ఒక సంచికలో, పదకొండో పేజీ అడుగున, వాళ్ల పెదనాన్న గారి పేరు దొరికిందట. ఇంటిపేరులో ఒక అక్షరాన్ని ఓసీఆర్ తప్పు చదివింది, అయినా ఊరి పేరుతో వెతికి పట్టుకున్నారు.

"ఆ అక్షరం ఒక్కటి సరిచెయ్యమ్మా" అన్నారు. పేజీ బొమ్మ తెరిచి చూశాను. ఒత్తు మసకగా పడింది. వచ్చే శనివారం చేతితో సవరించే తెర మొదలుపెడుతున్నాను.